దెబ్బ తిన్నవాడి రసీదు

(సాయుధ దళాల పతాక దినం సందర్భంగా ఢిల్లీ లక్ష్మీనగర్‌లో తెలుగు కుటుంబాలు జరుపుకున్న సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం నన్ను చేయమన్నప్పుడు వెనకాడాను. నేను వక్తను కాను, చరిత్రకారుణ్ని అసలే కాను. ముప్పై అయిదేళ్లు ఆడిట్ ఉద్యోగం చేసి, వోచర్ల మీద టిక్కులు పెట్టి రిటైరైనవాణ్ని. ఆ మాటే అంటే నిర్వాహకులు, "లక్ష్మీనగర్‌లో లెక్కల మనిషి కాక ఇంకెవరు మాట్లాడతారండీ" అన్నారు. కాదనలేకపోయాను. వికాస్ మార్గ్ మీద నిలబడి ఎటు తల తిప్పినా సీఏ కోచింగ్ బోర్డులే కనిపించే పేట ఇది. కనుక లెక్కల మనిషిగానే మాట్లాడతాను.

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆయన పేరు నేను పలకను. అచ్చులో తన పేరు రాకూడదని ఆయన ఇంట్లో ముందే చెప్పి ఉంచారు. ఆహ్వానపత్రంలో కూడా "సుబేదారు గారి స్మారకోపన్యాసం" అనే వేశాం. ఈ గల్లీలో ఆయన్ను తెలియనివాళ్లు లేరు కాబట్టి ఆ రెండు మాటలు చాలు.

సుబేదారు గారిది తాడేపల్లిగూడెం వైపు. ఆ పక్కనే మాధవరం ఉంది. జనం నోట మిలిటరీ మాధవరం. ఇంటికొక్కరైనా మిలిటరీలో ఉంటారని చెప్పుకునే ఊరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కణ్నుంచి మనుషులు వెళ్లారు. ఆ గాలి తగిలే ఈయన కూడా పద్దెనిమిదేళ్లకు మద్రాస్ రెజిమెంటులో చేరారు. 1987లో మన సైన్యం శాంతి పరిరక్షక దళంగా శ్రీలంక వెళ్లినప్పుడు జాఫ్నాలో ఆయన తొడలో ఇనుప ముక్కలు దిగాయి. కొన్ని తీశారు, కొన్ని ఉండిపోయాయి. రిటైరయ్యాక కొడుకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, ఒక కోచింగ్ సెంటరు గేటు దగ్గర సెక్యూరిటీ పని చూసుకున్నారు. చలికాలంలో కుంటడం ఎక్కువయ్యేది. అడిగితే, "లంక ముక్కలు చల్లబడ్డాయండీ" అనేవారు.

ఒక జనవరి 26న మా గల్లీలో జెండా ఎగరేశాం. ఆయన కోటు మీద పతకాలు పెట్టుకుని వచ్చారు. అయిదారు ఉన్నాయి. వాటిలో ఒకదాని రిబ్బను తెల్లగా ఉండి, నడుమ ఎర్ర పట్టీ ఉంది. మూడో అంతస్తు వాళ్ల పిల్లాడు దాన్ని పట్టుకుని, "తాతగారూ, ఇది దేనికిచ్చారు?" అన్నాడు.

"దెబ్బ తిన్నందుకు."

పిల్లాడు తెల్లబోయాడు. "దెబ్బ తింటే కూడా మెడల్ ఇస్తారా?"

"తిన్నవాడికే ఇది. కొట్టినవాడికి వేరే ఉంది."

అందరం నవ్వాం. కానీ పిల్లాడి ప్రశ్న నాతో ఇంటికొచ్చింది. దెబ్బ తింటే మెడల్ ఎందుకివ్వాలి? ఇవాళ్టి నా ఉపన్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే.

రాయి ఎవరికి దక్కింది

పిల్లాడి ఆశ్చర్యం వాడొక్కడిదే కాదు. మన భాషలోనే ఉంది. "వీరమరణం" అనే మాట మనకుంది. గాయపడి బతికొచ్చినవాడికి అంత ఎత్తున్న మాట ఏదీ లేదు. పైగా "దెబ్బతిన్నాడు" అంటే వ్యాపారంలో నష్టపోయాడనీ, జీవితంలో ఓడిపోయాడనీ అర్థం చెప్పుకుంటాం.

మన ఊళ్ల బయట నిలబడ్డ వీరగల్లులు చూడండి. రాయలసీమలో పొలం గట్ల మీద ఎన్నో కనిపిస్తాయి. చాలా రాళ్ల మీద చెక్కడం ఒకటే తీరు. కింది అరలో యుద్ధం. మధ్య అరలో వీరుణ్ని తీసుకుపోతున్న దేవకన్యలు. పై అరలో కైలాసం. చచ్చినవాడికి మూడు అంతస్తుల మేడ కట్టిచ్చారు శిల్పులు. కాలు పోయి ఇంటికొచ్చినవాడికి అందులో ఒక మూల కూడా దొరకలేదు.

పల్నాటి కారంపూడిలో వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు వీరారాధన చేస్తారు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఊరేగిస్తారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధంలో పోయినవాళ్లను ఇప్పటికీ ఇంటి దేవుళ్లుగా చూసుకునే జాతి మనది. అందుకు గర్వపడాలి. కానీ ఆ యుద్ధం నుంచి చెయ్యో కాలో పోగొట్టుకుని తిరిగొచ్చినవాళ్లు కూడా ఉండే ఉంటారు కదా. వాళ్లేమయ్యారు? కథలో వాళ్లకు చోటు దొరకలేదు.

మన పాతకాలపు వాళ్లు ఒక విషయంలో మాత్రం మనకంటే లెక్క తెలిసినవాళ్లు. రాయి ఒక్కటే పాతి ఊరుకోలేదు. పోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చారు. కన్నడ శాసనాల్లో దాన్ని నెత్తరు గొడగె అన్నారు, తమిళంలో ఉదిరప్పట్టి అన్నారు, మనవైపు రక్తమాన్యం అన్నారు. మూడు భాషల్లోనూ అర్థం ఒకటే: నెత్తురుకు బదులిచ్చిన నేల. గౌరవం రాతి మీద, బాకీ పొలం మీద రాసి పెట్టారు.

ఇంకొకటి గమనించండి. పాతకాలంలో గాయానికి చోటు కూడా లెక్కే. రొమ్ము మీద తగిలితే వీరుడు, వీపు మీద తగిలితే పిరికివాడు. "వెన్ను చూపడం" అన్న మాట అక్కణ్నుంచే వచ్చింది. కత్తి యుద్ధంలో ఆ లెక్క కొంత చెల్లుతుంది. మందుపాతర వచ్చాక చెల్లదు. కాలి కింద పేలేదానికి రొమ్మేమిటి, వీపేమిటి? సుబేదారు గారికి ఇనుప ముక్కలు వెనక నుంచే తగిలాయి. గాయపడ్డ మరో జవానును భుజాన వేసుకుని వస్తున్నప్పుడు. తెల్లా ఎర్రా రిబ్బను ఇచ్చినవాళ్లు ఎక్కడ తగిలిందని చూడలేదు, ఎవరి వల్ల తగిలిందని మాత్రమే చూశారు.

మెచ్చుకోలు వేరు, రసీదు వేరు

మన దేశంలో సైనిక పతకాల చరిత్ర డబ్బుతోనే మొదలైంది. 1837లో ఈస్టిండియా కంపెనీ భారతీయ సిపాయిల కోసం ఆర్డర్ ఆఫ్ మెరిట్ పెట్టింది. దాంతో పాటు జీతం పెరిగేది. విక్టోరియా క్రాస్ మాత్రం 1911లో ఇదే ఢిల్లీలో దర్బారు జరిగేదాకా మనవాళ్లకు అందలేదు. ఆ క్రాసుకే ఇంకో విచిత్రం ఉంది. మొదటి అరవై ఏళ్లలో చాలా కాలం పాటు చచ్చిపోయినవాడికి అది ఇచ్చేవారు కాదు. "బతికి ఉంటే సిఫారసు చేసేవాళ్లం" అని గెజెట్‌లో రాసి ఊరుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ ఆ పద్ధతి మారలేదు. అంటే పతకాన్ని వాళ్లు బతికున్నవాడి ఛాతీ మీది అలంకారంగానే చూశారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ చూపును మార్చింది. పోయినవాళ్లు ఎక్కువైపోయారు. బ్రిటిష్ ప్రభుత్వం పోయిన ప్రతి సైనికుడి ఇంటికీ ఒక కంచు బిళ్ల పంపింది. అరచేయంత ఉంటుంది. దాని మీద పేరు మాత్రమే ఉంటుంది, హోదా ఉండదు. జనరల్‌కూ సిపాయికీ ఒకటే బిళ్ల. పదమూడు లక్షలకు పైగా పోత పోశారు. అక్కడి జనం దానికి "చచ్చినవాడి కాసు" అని పేరు పెట్టారు. వెటకారమే కానీ నిజం పలికింది. కొడుకు పోయిన ఇంటికి వచ్చినది కాసే.

ఆ యుద్ధం గుర్తులు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. 1922 నుంచి అక్కడే ఉంది. ఆ ముందు నుంచి బస్సులో ఎన్నిసార్లు పోయామో, అందులో ఒకడు మనవైపు వాడని ఎంతమందికి తెలుసు? ఇండియా గేటుకు 1921లో పునాది వేసి 1931లో ప్రారంభించారు. దాని రాళ్ల మీద పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి.

ఇక గాయానికే ప్రత్యేకంగా గుర్తు ఇవ్వడం. జర్మనీ 1918 మార్చిలో గాయం బిళ్లలు మొదలుపెట్టింది. ఒకటి రెండు గాయాలకు నల్లది, మూడు నాలుగింటికి వెండి రంగుది, అయిదూ ఆపైన వాటికి బంగారు రంగుది. అమెరికాలో పర్పుల్ హార్ట్ కథ ఇంకా తమాషా. 1782లో జార్జి వాషింగ్టన్ ఊదారంగు గుండె ఆకారంలో గుడ్డ బిళ్ల పెట్టింది మంచి పనితనానికి. అది మరుగున పడిపోయింది. 1932లో ఆయన రెండు వందల ఏళ్ల జయంతికి దాన్ని మళ్లీ బయటికి తీసినప్పుడు క్రమంగా అది గాయపడ్డవాళ్ల, పోయినవాళ్ల పతకంగా స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధం చివర జపాన్ మీదికి దండెత్తితే ఎంతమంది గాయపడతారో అంచనా వేసి లక్షల్లో ముందే తయారు చేయించారు. ఆ దండయాత్ర జరగలేదు. మిగిలిన పతకాలు కొరియాకూ, వియత్నాంకూ, ఆ తరవాతి యుద్ధాలకూ సరిపోయాయి. దెబ్బలు తగలకముందే రసీదు పుస్తకం అచ్చయిందన్నమాట. ఆడిటర్‌గా నాకు ఆ స్టాకు రిజిస్టరు తలచుకుంటే భయం వేస్తుంది.

మన దగ్గర పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర 1950 జనవరి 26న వచ్చాయి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేట్టుగా. శాంతికాలపు శౌర్యానికి అశోక చక్ర వరస 1952లో వచ్చింది. గాయపడ్డవాళ్లకు పతకం 1973లో వచ్చింది. ఇంగ్లీషులో వూండ్ మెడల్, హిందీలో పరాక్రమ్ పదక్. గుండ్రటి రాగి నికెల్ బిళ్ల, 35 మిల్లీమీటర్లు. నిబంధన సూటిగా ఉంటుంది: శత్రువు చర్య వల్ల నేరుగా తగిలిన గాయం. ధైర్యం చూపావా, ఎంతమందిని పడగొట్టావు అన్న ప్రశ్నలు లేవు.

పేరు మీద నాకు చిన్న పేచీ ఉంది. ఇంగ్లీషు పేరులో గాయం ఉంది. హిందీ పేరులో గాయం మాయమై పరాక్రమం వచ్చి కూర్చుంది. దెబ్బ అన్న మాట పలకడానికి మొహమాటపడ్డట్టున్నాం. అదే మొహమాటం మా గల్లీ పిల్లాడి మొహంలోనూ కనిపించింది.

నాకు దొరికిన జవాబు ఇది. శౌర్య పతకం దేశం మెచ్చుకోలు. నువ్వు చేసిన పనికి సెబాసు అనడం. గాయానికి ఇచ్చే పతకం మెచ్చుకోలు కాదు, రసీదు. నీ దగ్గర నుంచి ఇంత తీసుకున్నాం అని దేశం రాసిచ్చిన కాగితం, కాకపోతే లోహం మీద రాసింది. ఇందులో అతని ఘనత గురించి ఏమీ లేదు, మన బాకీ గురించి ఉంది. కోచింగ్ పిల్లలూ, మీకు మొదటి పాఠంలోనే చెప్పి ఉంటారు: ఒకరి పుస్తకంలో క్రెడిట్ పడితే ఇంకొకరి పుస్తకంలో డెబిట్ పడాలి. సుబేదారు గారి కోటు మీద ఉన్నది సగం పద్దు. మిగతా సగం మన పుస్తకంలో ఉండాలి.

మరణం ముందు నిలబడ్డ గాయం

గాయానికీ మరణానికీ మధ్య గీత ఎంత సన్ననిదో రెండు ఉదాహరణలు చెబుతాను. పరమవీర చక్ర అందుకున్న 21 మందిలో అర్దేషిర్ తారాపోర్ ఒకరు. మన హైదరాబాద్ లాన్సర్లలో పని చేసి, తరవాత పూనా హార్స్ దళానికి వెళ్లిన పార్శీ. 1965 సెప్టెంబరులో ఫిల్లోరా దగ్గర ట్యాంకుల యుద్ధంలో ఆయనకు దెబ్బ తగిలింది. ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లలేదు. అదే గాయంతో యుద్ధం నడిపి సెప్టెంబరు 16న ప్రాణం విడిచారు.

రెండోది యోగేంద్ర సింగ్ యాదవ్. 1999 జూలైలో టైగర్ హిల్ మీద ఒళ్లంతా తూటాలు దిగినా బతికారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు. పరమవీర చక్ర ప్రకటించినప్పుడు మరణానంతరం అని వేశారు. అదే పేరున్న మరొక జవాను పోవడంతో తికమక జరిగింది. ఈయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. చచ్చాడని లోకం అనుకుంటుండగా గాయాలతో బతికి ఉన్న మనిషి. మన వీరగల్లుల కాలం నుంచి ఇవాళ్టిదాకా గాయపడ్డవాడి స్థితికి ఇంతకంటే సరైన బొమ్మ నాకు తెలియదు.

పోయినవాళ్ల పతకం ఇంటివాళ్లు అందుకుంటారు. 1999 జూన్ 28న ద్రాస్ కొండల్లో పోయిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. వారం కిందటే ముప్పై నిండాయి. భార్య గర్భవతి. కొన్ని నెలల తరవాత పుట్టిన కూతురికి తండ్రి ముఖం ఫొటోలో, మహావీర చక్ర పెట్టెలో.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ఇరవై మంది పోయారు. వాళ్ల నాయకుడు 16 బీహార్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట బిడ్డ, విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలు విద్యార్థి. ఆ రోజుల్లో భార్యా పిల్లలు ఢిల్లీలోనే ఉన్నారు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో మహావీర చక్ర అందుకోవడానికి తల్లీ భార్యా ఇద్దరూ కలిసి ముందుకు వెళ్లారు. టీవీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక పతకం, నాలుగు చేతులు. పోయినవాడి పతకం ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో నెక్స్ట్ ఆఫ్ కిన్ అనే సమాధానం ఉంది. ఆ రోజు ఆ ఇద్దరు ఆడవాళ్లు అంతకంటే మంచి సమాధానం చెప్పారు.

గల్వాన్ వీరుల పేర్లు ఇప్పుడు జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకంలో త్యాగ చక్రం గోడల మీద మొదటి రోజుకే 25,942 పేర్లు చెక్కి ఉన్నాయి. శ్రీలంకలో పోయిన వెయ్యిమందికి పైగా మనవాళ్ల పేర్లకూ ఇక్కడ చోటు దొరికింది. అంతకుముందే, 2008లో, కొలంబో దగ్గర బత్తరముల్లలో శ్రీలంక ప్రభుత్వం వాళ్లకు స్మారకం కట్టింది. సుబేదారు గారు ఆ మాట ఎప్పుడూ చెప్పేవారు: "పోరాడిన దేశం ముందు గుర్తు పెట్టుకుంది, పంపిన దేశం తరవాత."

యుద్ధ స్మారకానికి ఆయన్ను నేనొకసారి తీసుకెళ్లాను. తన దళంలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ వెతికారు. బయటికి వస్తూ, "అందరూ ఉన్నార్లెండి" అన్నారు. గాయపడి బతికినవాళ్ల పేర్లు ఆ గోడల మీద ఉండవు. ఉండకూడదు కూడా. బతికున్నవాడి పేరు రాతి మీద ఎందుకు? వాళ్లకు మిగిలింది ఆ 35 మిల్లీమీటర్ల బిళ్లే.

రసీదు చూపిస్తే ఏమొస్తుంది

ఇక అసలు లెక్కకు వద్దాం. శౌర్య చక్రాలకు నెలనెలా భత్యం ఉంది. గాయం పతకానికి లేదు. గాయానికి డబ్బు వచ్చే దారి వేరు. అది కాగితాల దారి.

మిలిటరీలో రెండు మాటలున్నాయి. బ్యాటిల్ క్యాజువాలిటీ, ఫిజికల్ క్యాజువాలిటీ. శత్రువు వల్ల పోతే, గాయపడితే మొదటిది. ఉద్యోగంలో మరో విధంగా జరిగితే చాలా సందర్భాల్లో రెండోది. ఈ రెండు మాటల మధ్య ఒక కుటుంబం బతుకు తేడా ఉంది. యుద్ధంలో పోయినవాడి భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ కింద చివరి జీతమంతా పింఛనుగా వస్తుంది. రెండో రకమైతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, అందులో 60 శాతం. గాయపడి ఇంటికి పంపేసినవాడికి వైకల్యం నూరు శాతమైతే, యుద్ధ గాయానికి జీతంలో 60 శాతం, మామూలు సర్వీసు వైకల్యానికి 30 శాతం సర్వీసు పింఛనుకు కలుస్తుంది. అదే కొండ, అదే చలి, అదే పోయిన కాలు. ఫారంలో ఏ గడిలో టిక్కు పడిందన్నదే తేడా. టిక్కులు పెట్టి బతికినవాణ్ని కాబట్టి ఆ టిక్కు బరువు నాకు తెలుసు.

దేశం ఏమీ చేయలేదని అనను. పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచి ఉంది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు ఖడ్కీలోనూ, మొహాలీలోనూ పునరావాస కేంద్రాలున్నాయి. అక్కడ చక్రాల కుర్చీలో కూర్చుని బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లూ, నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసేవాళ్లూ ఉన్నారు. 2018ని విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరంగా సైన్యం ప్రకటించింది. మంచి పని. ఆ ఏడాది ముగిసింది. కాళ్లు మాత్రం తిరిగి మొలవలేదు.

సుబేదారు గారి విషయంలో చిక్కు చాలా చిన్నది, చాలా తెలుగుది. మన ఇంటిపేరు ముందొస్తుంది. సర్వీసు రికార్డులో ఆయన ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఆధార్‌లో పూర్తిగా ఉంది. బ్యాంకు పుస్తకంలో చివరికి వెళ్లింది. పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఈ ముగ్గురూ ఒకే మనిషని నమ్మించడానికి ఆయన పద్నాలుగు నెలలు తిరిగారు. ఒక కౌంటరు దగ్గర, "మీరే ఆయనని రుజువేమిటి?" అని అడిగారట. ఆయన జేబులోంచి పతకం తీసి బల్ల మీద పెట్టారు. మన పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి. కౌంటరులో కుర్రాడు దాన్ని వెనక్కి నెట్టి, "ఇది డాక్యుమెంటు కాదండీ" అన్నాడు.

ఆ కుర్రాణ్ని నేను తప్పు పట్టను. అతని జాబితాలో పతకం లేదు. ఆ పని చివరికి అయింది, కోచింగ్ పిల్లలు ఇద్దరు మూడు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని ఫారాలు నింపాక. కానీ ఆ సాయంత్రం సుబేదారు గారు నాతో అన్న మాట ఈ ఉపన్యాసానికి కారణం. "రసీదు ఇచ్చినవాళ్లే రసీదు గుర్తుపట్టకపోతే ఎట్లాగండీ?" రసీదు అన్న మాట నాది కాదు, ఆయనదే. నేను అరువు తెచ్చుకున్నాను.

మాటల గురించి ఒక్క మాట

మన పత్రికలు అమరుడు అంటాయి, హిందీ పత్రికలు శహీద్ అంటాయి. సైన్యం నిబంధనల్లో అలాంటి మాట లేదని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అక్కడ ఉన్నవి క్యాజువాలిటీ వంటి పొడి మాటలు. నాకు రెండూ కావాలి. పొడి మాట పింఛను ఇప్పిస్తుంది, తడి మాట ఊరు గుర్తు పెట్టుకునేలా చేస్తుంది. కానీ తడి మాట పోయినవాడి దగ్గరే ఆగిపోయింది. అమరుడి విగ్రహానికి ఏటా దండ వేస్తాం. అదే ఊళ్లో కుంటుతూ నడిచే మాజీ సైనికుణ్ని బస్సులో సీటు కోసం గొడవ పడేవాడిగా చూస్తాం.

దండ వేయడం మానమని నేననను. దండ పోయినవాడికి. సీటు బతికినవాడికి. రెండూ ఇవ్వగల దేశమే మనది.

పతాక దినం 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుగుతోంది. ఆ చిన్న జెండా కాగితం కొని చొక్కాకు గుచ్చుకోవడం మన పుస్తకంలో పడాల్సిన డెబిట్‌లో ఒక్క పైసా. అది పడితే మంచిదే, అక్కడితో ఆగకూడదు.

కోచింగ్ పిల్లలకు నా విన్నపం. మీరు కంపెనీల ఖాతాలు సరిచూడటం నేర్చుకుంటారు. నెలకొక ఆదివారం ఈ హాల్లో ఒక బల్ల వేద్దాం. మాజీ సైనికులు, వాళ్ల ఇల్లాళ్లు డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకుంటే, నాలుగింటిలోనూ పేరు ఒకటేనా, పుట్టినరోజు ఒకటేనా, ఏ గడిలో టిక్కు ఉందో చూడండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే చేసి పెట్టండి. వాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. మొదటి బల్ల వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు. నేనుంటాను.

రెండో విన్నపం అందరికీ. లక్ష్మీనగర్‌లో మెట్రో ఎక్కితే యమునా బ్యాంక్, ఇంద్రప్రస్థ, ఆ తరవాత సుప్రీంకోర్టు స్టేషన్. అక్కడ దిగితే యుద్ధ స్మారకం దగ్గరే. పిల్లల్ని తీసుకెళ్లండి. గోడల మీద ఉన్న పేర్లు చదివించండి. తిరిగొచ్చేటప్పుడు గోడ మీద లేనివాళ్ల గురించి కూడా చెప్పండి.

చివరిగా, సుబేదారు గారి ఇంటి నుంచి పిన్నిగారు ఇవాళ ఒక చిన్న డబ్బీ తెచ్చారు. సభ ముగిశాక ఆ బల్ల దగ్గర ఉంటుంది. తెల్ల రిబ్బను, నడుమ ఎర్ర పట్టీ. ఆయన పేరు అచ్చులో వద్దన్నారు కాబట్టి నేను చెప్పలేదు. బిళ్లను చేతిలోకి తీసుకుని తిప్పి, అంచు మీద ఉన్న పేరు చదవండి. ఆ ఒక్క చోట అక్షరం తప్పు లేకుండా ఉంది.